పార్కులోని కాంక్రీటు కాలువను మళ్లీ నదిగా మార్చడం ఎలా?

కల్లాంగ్ సింగపూర్‌లో అన్నిటికన్నా పొడవైన నది. పొడవైనది అన్నా పది కిలోమీటర్లే, మన లెక్కలో ఒక వాగు. లోయర్ పియర్స్ జలాశయం దగ్గర మొదలై మెరీనా జలాశయంలో కలుస్తుంది. వరదలకు భయపడి గత శతాబ్దంలో దానికి కాంక్రీటు తొడిగారు. బిషాన్-ఆంగ్ మో కియో పార్కు అంచున 2.7 కిలోమీటర్ల మేర తిన్నగా పోయే ఆ కాలువను 2009లో తొలగించడం మొదలుపెట్టారు. 2012 మార్చిలో పార్కును మళ్లీ తెరిచేసరికి అక్కడ వంపులు తిరుగుతూ 3.2 కిలోమీటర్ల నది పారుతోంది.

ఆ పార్కు ఫొటోల్లో పచ్చటి ఒడ్డు, కొంగలు, నీళ్లలోని రాళ్ల మీద గెంతే పిల్లలు కనిపిస్తారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఒక కొలత. పాత కాలువ వెడల్పు 17 నుంచి 24 మీటర్లు. కొత్త నది భారీ వర్షం వచ్చినప్పుడు దాదాపు 100 మీటర్ల వరకు పరుచుకోగలదు. అది మోయగలిగే వరద పాత కాలువతో పోలిస్తే సుమారు 40 శాతం పెరిగింది. పార్కు తన స్థలంలో కొంత నదికి ఇచ్చింది కాబట్టే కాంక్రీటు తీసేయడం సాధ్యమైంది. మీ పార్కులోంచి గానీ, పక్కనుంచి గానీ పోయే నాలాను వాగుగా మార్చాలనుకుంటే ముందు చూసుకోవలసింది ఈ వెడల్పే. మొక్కలు, వంతెనలు, బెంచీలు అన్నీ దాని తర్వాతివి.

కాలనీ సంక్షేమ సంఘాలు, వార్డు స్థాయి ప్రజాప్రతినిధులు, మున్సిపల్ ఇంజనీర్లు కలిసి కూర్చుని ఒక ప్రతిపాదన తయారుచేసుకోవడానికి సరిపోయేలా ఇది రాస్తున్నాను. ఇందులోని లెక్కలు పదో తరగతి గణితం తెలిసినవారు చేయగలిగినవే. పార పట్టే ముందు మాత్రం హైడ్రాలజీ తెలిసిన ఇంజనీరు వాటిని మళ్లీ చేసి సంతకం పెట్టాలి.

మొదటి మెట్టు: పార్కు గేటు దాటి నడవండి

నది సమస్యలు పార్కులో పుట్టవు. పై నుంచి వస్తాయి, కిందికి పోతాయి. కాబట్టి నాలా వెంట ఎగువకు అది మొదలయ్యే చెరువు లేదా మిట్ట దాకా, దిగువకు అది కలిసే చెరువు లేదా నది దాకా నడవండి. ఒకసారి ఎండాకాలంలో, ఒకసారి వాన వెలిసిన వెంటనే నడిస్తే తేడా తెలుస్తుంది. దారిలో ప్రతి కల్వర్టు వెడల్పు, ఎత్తు కొలిచి రాసుకోండి. గోడల మీద వరద మరకలు ఎంత ఎత్తున ఉన్నాయో టేపుతో కొలవండి. పాత కాపురస్థులను అడిగితే ఏ సంవత్సరం ఏ గడప దాకా నీళ్లు వచ్చాయో చెబుతారు. ఏ కంప్యూటర్ నమూనా చేతికొచ్చినా, దాని ఫలితాన్ని సరిచూసుకోవడానికి ఈ మరకలే ఆధారం.

నది అసలు దారి తెలుసుకోవడానికి తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్షా, సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటాలు చూడండి. కాలువ తిన్నగా తవ్వకముందు వాగు ఎక్కడ వంపు తిరిగేదో వాటిలో దొరుకుతుంది. కొత్త వాగుకు అదే మార్గం ఇవ్వాలని లేదు. కానీ పాత మార్గంలో నేల పల్లంగా ఉండి, కింద ఇసుక పొర ఉండే అవకాశం ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల పాఠకులు చట్టపరమైన హద్దు కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం, అంటే జీవో 168 ప్రకారం, 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు లేదా నాలా హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు ఖాళీగా వదలాలి. మీ రాష్ట్రంలో ఆ తర్వాత వచ్చిన సవరణలు చూసుకుని, ఆ హద్దును పటం మీద ఎర్ర గీతతో గీయండి. పార్కు లోపల మీకు ఇంతకంటే ఎక్కువ స్థలమే ఉంటుంది. పార్కు దాటాక కింద ఎంత ఇరుకు ఉందో ఆ ఎర్ర గీత చూపిస్తుంది.

రెండో మెట్టు: నీళ్లలో ఏముందో తేల్చుకోండి

వరుసగా మూడు నాలుగు రోజులు వాన పడనప్పుడు వెళ్లి, నాలాలోకి తెరుచుకునే ప్రతి గొట్టాన్నీ చూడండి. వాన లేని రోజున కూడా గొట్టంలోంచి నీరు పారుతోందంటే అది దాదాపుగా మురుగే. ఏ గొట్టం, ఎంత ధార, ఏ రంగు, ఏ వాసన అన్నది ఫొటోతో, స్థలం గుర్తుతో నమోదు చేయండి. ప్రయోగశాల పరీక్షలు తర్వాత చేయించవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆరుబయట స్నానానికి పనికొచ్చే నీటికి పెట్టిన ప్రమాణాల్లో ముఖ్యమైనవి ఇవి: కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ, బీవోడీ (నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములు లేదా తక్కువ, కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లేదా తక్కువ. పిల్లలు కాళ్లు తడుపుకోవాలన్న కోరిక ఉంటే ఈ అంకెలే మీ లక్ష్యం.

బిషాన్ ఫొటోలు చూపించి మాకూ అలాంటిదే కావాలని అడిగేవారు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. సింగపూర్‌లో మురుగు గొట్టాలు వేరు, వాననీటి కాలువలు వేరు. సింగపూర్ నదినీ, కల్లాంగ్ నది సముద్రంలో కలిసే ప్రాంతాన్నీ శుభ్రం చేసే పని 1977లో మొదలై పదేళ్లు నడిచింది. పందుల పెంపకం, వీధి వ్యాపారాలు, మురుగు కనెక్షన్లు లేని ఇళ్లు అన్నిటినీ ఒక దారికి తెచ్చారు. అది ముగిసిన రెండు దశాబ్దాల తర్వాతే నదికి వంపులు దిద్దడం గురించి ఆలోచించారు. మురుగు పారుతున్న నాలాకు కాంక్రీటు తీసేసి గడ్డి ఒడ్డు కడితే, జనం ముక్కు మూసుకుని ఆ ఒడ్డుకు రావడమే మానేస్తారు. మళ్లీ పైకప్పు వేయమని వారే అడుగుతారు.

అందుకే మురుగును మళ్లించే గొట్టం పనిని ఇదే ప్రాజెక్టులో భాగం చేయండి. నాలాకు సమాంతరంగా ఒక అడ్డగింపు గొట్టం వేసి శుద్ధి కేంద్రానికి కలపడం మొదటి మార్గం. అది పూర్తయ్యేదాకా మిగిలిన కొద్దిపాటి కలుషితానికి మొక్కల వడపోత పనికొస్తుంది. బిషాన్‌లో ఎగువన మెట్లు మెట్లుగా వడపోత మడులు కట్టి, చెరువు నీటిని వాటి గుండా పంపిస్తారు. మొక్కల వేళ్లు, వాటి కింది రాతి పొరలు మురికిని పట్టేస్తాయి. పిల్లలు ఆడుకునే చోటికి వెళ్లే నీటిని ఆ మడులతో సరిపెట్టకుండా అతినీలలోహిత కిరణాలతో కూడా శుద్ధి చేస్తారు. మడులు ఉన్నాయి కదా అని పూర్తి మురుగును వాటి మీదికి వదిలితే కొన్ని వారాల్లోనే పూడిపోతాయి.

మూడో మెట్టు: కాలువ యజమాని, పార్కు యజమాని

బిషాన్‌లో కాలువ పీయూబీ అనే జాతీయ నీటి సంస్థది, పార్కు నేషనల్ పార్క్స్ బోర్డుది. కాలువకు మరమ్మతు, విస్తరణ చేయవలసిన సమయమూ, 1988లో తెరిచిన పార్కును బాగుచేయవలసిన సమయమూ కలిసొచ్చాయి. కాలువలనూ జలాశయాలనూ శుభ్రంగా, అందంగా, జనానికి పనికొచ్చేలా మార్చడానికి 2006లో మొదలైన ఏబీసీ వాటర్స్ కార్యక్రమం కింద రెండు సంస్థలూ ఒకే నక్షా మీద పనిచేశాయి. ఇది మనం నేర్చుకోవలసిన పద్ధతి. వరద కాలువ గోడ ఎత్తు పెంచడానికి ఒక శాఖ అంచనాలు వేస్తున్నప్పుడే పార్కు శాఖ దగ్గరికి వెళ్లండి. కాంక్రీటు పోశాక వెళితే మరో 30, 40 ఏళ్లు ఆగాలి.

జనం పట్టుదల ఏం చేయగలదో చూడాలంటే లండన్ ఆగ్నేయ భాగంలోని క్వాగీ నది కథ తెలుసుకోవాలి. 1968 వరదల తర్వాత అక్కడి అధికారులు కాలువలను ఇంకా లోతుగా, ఇంకా కాంక్రీటుతో కట్టాలనుకున్నారు. స్థానికులు క్వాగీ వాటర్‌వేస్ యాక్షన్ గ్రూప్ పేరుతో సంఘంగా ఏర్పడి, నదిని పాతిపెట్టడం కంటే ఎగువనున్న పార్కులో దానికి చోటు ఇవ్వడం మేలని వాదించారు. చివరికి సట్‌క్లిఫ్ పార్కు కింద గొట్టంలో పారుతున్న నదిని పైకి తెచ్చారు. పార్కు నేలను పల్లంగా తవ్వి సుమారు 85,000 ఘనపు మీటర్ల వరద నీరు నిలిచేలా చేశారు. 2004లో ఆ పార్కు తిరిగి తెరుచుకుంది. వారు అందం గురించి మాత్రమే మాట్లాడి ఉంటే ఎవరూ వినేవారు కాదేమో. దిగువన ఉన్న ఇళ్లు మునగకుండా చూస్తామన్న మాట వారి వాదనకు బలం ఇచ్చింది. మీ అర్జీలో కూడా మొదటి పేరా వరద గురించే ఉండాలి.

నాలుగో మెట్టు: ఎంత వరద వస్తుందో లెక్క కట్టండి

చిన్న పరీవాహక ప్రాంతానికి తొలి అంచనా తేలిక. మూడు అంకెలు కావాలి. వాన ఎంత విస్తీర్ణం మీద పడి మీ నాలాలోకి వస్తుందో హెక్టార్లలో. గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వాన అన్నది రెండోది. పడిన వానలో ఎంత భాగం ఇంకకుండా పారుతుందన్నది మూడోది, దాన్ని ప్రవాహ గుణకం అంటారు. ఇళ్లు, రోడ్లు కిక్కిరిసిన చోట అది 0.7 నుంచి 0.9 దాకా ఉంటుంది, చెట్లూ మట్టీ ఉన్న చోట 0.2, 0.3కు దిగుతుంది. మూడింటినీ గుణించి 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల వరద వస్తుందో తెలుస్తుంది.

ఉదాహరణకు మీ నాలాలోకి 300 హెక్టార్ల కాలనీల నీరు వస్తోందనుకోండి. గుణకం 0.7, వాన గంటకు 70 మిల్లీమీటర్లు. లెక్క కడితే సెకనుకు సుమారు 40 ఘనపు మీటర్లు, ఇంజనీర్ల భాషలో 40 క్యూమెక్కులు, అంటే దాదాపు 1,400 క్యూసెక్కులు. చిన్న పార్కులోని చిన్న నాలాలో ఇంత నీరా అని ఆశ్చర్యపోవద్దు. నగరాల్లో కురిసిన వాన నేలలోకి పోయే దారి లేక ఒక్కసారిగా వచ్చేస్తుంది. కొంత కాలం తర్వాత ఎగువన ఇంకా ఖాళీగా ఉన్న భూములు కూడా కట్టడాలతో నిండుతాయి కాబట్టి గుణకాన్ని ఈనాటి లెక్కన కాక రేపటి లెక్కన వేయడం మంచిది.

ఐదో మెట్టు: వెడల్పు

ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. ప్రాజెక్టు నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

నునుపైన కాంక్రీటు మీద నీరు వేగంగా జారుతుంది. గడ్డి, రాళ్లు, పొదలు ఉన్న వాగులో అదే నీరు ఒరుసుకుంటూ నెమ్మదిగా పోతుంది. ఈ గరుకుదనాన్ని, కాలువలో నీటి వేగాన్ని లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో ఒక అంకెతో కొలుస్తారు. కాంక్రీటుకు అది 0.015 దరిదాపుల్లో ఉంటే, మొక్కలున్న సహజమైన వాగుకు 0.035 నుంచి 0.07 దాకా, ఇంకా ఎక్కువ కూడా ఉండవచ్చు. అంటే వేగం మూడో వంతుకు పడిపోతుంది. వేగం తగ్గితే అదే వరదను మోయడానికి చోటు పెరగాలి.

పైన చెప్పిన 40 క్యూమెక్కులతోనే చూద్దాం. ఆరు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు, 500 మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న కాంక్రీటు కాలువ నిండుగా పారితే వేగం సెకనుకు సుమారు 3.4 మీటర్లు, ప్రవాహం 40 క్యూమెక్కులు. ఇప్పుడు కాంక్రీటు తీసి, గరుకుదనం 0.045 అనుకుని, ఒడ్లను ఒకటికి మూడు వాలుతో, అంటే మీటరు ఎత్తుకు మూడు మీటర్ల అడ్డ దూరంతో మలచండి. వంపుల వల్ల పొడవు 20 శాతం పెరుగుతుంది కాబట్టి వాలు ఆ మేరకు తగ్గుతుంది. లోతు అదే రెండు మీటర్లు ఉంచితే, ఆ 40 క్యూమెక్కులు పోవడానికి అడుగున 11 మీటర్లకు పైగా, పైన 23 నుంచి 24 మీటర్ల వెడల్పు కావాలి. ఆరు మీటర్ల చోట దాదాపు నాలుగు రెట్లు. వేగం 1.2 మీటర్లకు దిగుతుంది. బాగా వేళ్లూనిన గడ్డి ఒడ్డు ఆ వేగాన్ని తట్టుకోగలదు.

ఈ 24 మీటర్లు మీ పార్కులో దొరుకుతాయా? పటం మీద ఆ వెడల్పున్న పట్టీని కత్తిరించి పెట్టి చూడండి. దొరక్కపోతే మూడు మార్గాలున్నాయి. కాంక్రీటు కాలువలో కొంత భాగాన్ని వరద కోసం అలాగే ఉంచి, మామూలు రోజుల నీటిని మాత్రమే కొత్త వాగులోకి పంపవచ్చు. ఎగువన చెరువుల తూములు, కట్టలు బాగుచేసి వరద ఒక్కసారిగా రాకుండా ఆపవచ్చు. ఒక ఒడ్డున గోడ ఉంచి రెండో ఒడ్డును మాత్రమే విప్పవచ్చు. ఈ మూడూ కుదరకపోతే పనిని వాయిదా వేయాలని నిస్సంకోచంగా చెబుతాను. ఇరుకులో గడ్డి ఒడ్డు కట్టి, మొదటి పెద్ద వానకే పక్క వీధి మునిగితే, ఆ నగరంలో మరో ఇరవై ఏళ్లు నదీ పునరుద్ధరణ మాట ఎత్తలేం.

దొరికిన వెడల్పంతా వట్టిపోతుందన్న భయం అక్కర్లేదు. వరద మైదానం అంటే ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ ఆటస్థలమే. బిషాన్‌లో జనం గాలిపటాలు ఎగరేసేదీ, కుక్కలను తిప్పేదీ వరద వస్తే నీరు నిండే ఆ పచ్చిక మీదే.

ఆరో మెట్టు: వంపులు గీయడం

వెడల్పు కుదిరాక దాని లోపల మామూలు రోజుల నీటికి ఒక చిన్న పాయ గీయాలి. పెద్ద వెడల్పంతా పల్చగా పరుచుకున్న నీరు ఎండకు వేడెక్కి నాచు పడుతుంది. పాయ సన్నగా ఉంటే కొద్ది నీరైనా కదులుతూ ఉంటుంది.

సహజ నదుల్లో ఒక పూర్తి వంపు పొడవు పాయ వెడల్పుకు దాదాపు 10 నుంచి 14 రెట్లు ఉంటుంది. నాలుగు మీటర్ల పాయ అయితే 40 నుంచి 55 మీటర్లకు ఒక వంపు. వంపు బయటి వైపు లోతైన మడుగు వస్తుంది, లోపలి వైపు ఇసుక మేట పడుతుంది. రెండు వంపుల మధ్య లోతు తక్కువగా ఉండి నీరు రాళ్ల మీద గలగలా పారుతుంది. ఈ గులకరాళ్ల పరుగులు వెడల్పుకు ఐదు నుంచి ఏడు రెట్ల దూరంలో ఒకటి చొప్పున ఉండాలి. నీటిలో ఆక్సిజన్ కలిసేది అక్కడే, చేపలు తలదాచుకునేది మడుగుల్లో. అన్ని వంపులనూ ఒకే కొలతతో గీయకండి. దస్తా కాగితం మీద అందంగా కనిపించే సమానమైన మెలికలు నేల మీద కృత్రిమంగా కనిపిస్తాయి.

నది కదులుతుంది. దాన్ని ఎంతవరకు కదలనివ్వాలో ముందే నిర్ణయించుకోవాలి. జర్మనీలోని మ్యూనిక్‌లో 2000 నుంచి 2011 వరకు ఈజార్ నదిని ఎనిమిది కిలోమీటర్ల మేర పునరుద్ధరించినప్పుడు, ఒడ్డుకు వెనకాల నేలలో రాళ్ల వరుసలు పాతిపెట్టారు. నది ఒడ్డును కోసుకుంటూ పోతే పోనిస్తారు, ఆ దాచిన రాళ్లు తగిలాక ఆగిపోతుంది. నడకదారి, నీటి పైపు, విద్యుత్ కేబుల్, పక్క ఇళ్ల గోడ ఉన్న చోట ఇలాంటి దాపు రాళ్లు పెట్టండి. మిగతా చోట్ల నదికి స్వేచ్ఛ ఇవ్వండి. పాయకు రెండు చివర్లా ఎగువ, దిగువ కల్వర్టుల అడుగు మట్టాలు మారవు కాబట్టి, మీ డిజైను ఆ రెండు మట్టాల మధ్యనే సర్దుకోవాలి.

మన వాగులు చాలావరకు ఏడాది పొడవునా పారవు. వేసవిలో మడుగులు మిగిలి, పాయ ఎండిపోవడం వాటి సహజ స్వభావం. పంపులతో నీళ్లు ఎక్కించి పన్నెండు నెలలూ పారించమనే సలహా తప్పకుండా వస్తుంది. 2005లో తెరిచిన సియోల్‌లోని చియోంగ్గెచియాన్ అలాగే పంపుల మీద పారుతుంది. నగరానికి అదొక చక్కటి విహార స్థలం, కానీ రోజూ కరెంటు ఖర్చుతో నడిచే నీటి ధార. మీ వాగును వేసవిలో ఎండనివ్వండి. లోతైన మడుగులు రెండు మూడు ఉంటే జీవం నిలుస్తుంది.

ఏడో మెట్టు: ముందు ఒక చిన్న ముక్క

బిషాన్‌లో అసలు నదిని ముట్టుకునే ముందు, 2009లో పార్కులోని ఒక పక్క కాలువలో 60 మీటర్ల ముక్కను తీసుకుని పది రకాల ఒడ్డు కట్టే పద్ధతులను, రకరకాల స్థానిక మొక్కలను పరీక్షించారు. యూరప్ చలి దేశాల్లో పుట్టిన పద్ధతులు ఉష్ణమండల వానలకు ఎలా నిలుస్తాయో ఎవరికీ అనుభవం లేదు. వాటిలో బాగా నిలిచిన ఏడింటిని అసలు నదికి వాడారు. కొమ్మల మోపులు, కొమ్మల పరుపులు, మధ్య మధ్య కొమ్మలు గుచ్చిన రాళ్ల పేర్పు, జియోటెక్స్‌టైల్ గుడ్డలో చుట్టిన మట్టి పొరలు, మొక్కలు నాటిన గేబియన్లు (రాళ్లు నింపిన తీగ బుట్టలు), రెల్లు చుట్టలు వంటివి అవి.

వీటిలో కొమ్మల మోపును ఏ కాలనీ వారైనా చేతులతో చేసుకోవచ్చు. కొమ్మ నాటితే వేరు పట్టే స్థానిక పొదను ఎంచుకోండి. మన దగ్గర వాగుల పక్కన పెరిగే వావిలి అందుకు బాగా పనికొస్తుంది. బొటనవేలు లావు కొమ్మలను కోసి, ఆకులు దులిపి, కోసిన రోజే లేదా మర్నాడే వాడాలి. అంతవరకు నీళ్లలో ఉంచాలి. మొదళ్లు కొన్ని ఇటు, కొన్ని అటు వచ్చేలా పేర్చి జానెడు మందం మోపుగా, అడుగుకొక చోట కొబ్బరి తాడుతో బిగించి కట్టండి. ఒడ్డు మీద నీటి మట్టానికి కాస్త పైన, వాలుకు అడ్డంగా మోపు పట్టేంత కందకం తీసి అందులో పడుకోబెట్టండి. రెండు మూడు అడుగులకు ఒకటి చొప్పున మోపు మధ్యలోంచి గట్టి మేకు కర్రలు దిగ్గొట్టండి. తడి మట్టిని కొమ్మల సందుల్లోకి వేళ్లతో కూరి తొక్కాలి. పైన రెండు మూడు అంగుళాల కొమ్మ మాత్రం కనిపించాలి. సందుల్లో గాలి మిగిలితే వేరు పట్టకుండా కొమ్మ ఎండిపోతుంది, ఎక్కువ మంది విఫలమయ్యేది ఇక్కడే. ఆ పైన మరో వరుస, దాని పైన ఇంకో వరుస. ఆరేడు వారాల్లో చిగురు వస్తుంది. చిగురొచ్చినంత మాత్రాన వేరు పట్టినట్టు కాదు. ఒక కొమ్మను మెల్లగా లాగి చూడండి, రాకపోతే పట్టినట్టు.

ఈ ప్రయోగపు ముక్కను కనీసం ఒక వానాకాలం గమనించాలి. ఏ పద్ధతి నిలిచింది, ఏది కొట్టుకుపోయింది, ఏ మొక్క బతికింది అన్నది చూశాకే టెండరు పిలవండి.

ఎనిమిదో మెట్టు: మట్టిపని

వానలు వెనక్కి తగ్గాక, డిసెంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరి నాటికి తవ్వకం, ఒడ్డు పని ముగించాలి. ఆపై వేసవి అంతా తడి ఇస్తే జూన్ నాటికి వేళ్లు నేలను పట్టుకుంటాయి. కాంట్రాక్టు జాప్యమై మే నెలలో ఒడ్డు మలిస్తే తొలకరికి మట్టి మొత్తం దిగువ కల్వర్టులోకి చేరుతుంది. ఆ పరిస్థితి వస్తే పని ఆపి, వచ్చే డిసెంబరు దాకా పాత కాలువనే పారనివ్వడం నయం.

కొత్త పాయను పొడిగా, కాలువకు పక్కనే తవ్వండి. అంతా సిద్ధమయ్యాకే నీటిని మళ్లించండి. పైపొర మట్టిని విడిగా పోగుపెట్టి చివర ఒడ్డు మీద పరచాలి, విత్తనాలూ సారమూ అందులోనే ఉంటాయి. పగలగొట్టిన కాంక్రీటును లారీల్లో ఊరవతల పారబోయకండి. బిషాన్‌లో పాత కాలువ పలకలతోనే రీసైకిల్ హిల్ అనే గుట్ట కట్టారు. ఇప్పుడు పార్కు మొత్తం అక్కడినుంచి కనిపిస్తుంది.

తొమ్మిదో మెట్టు: నాట్లు

నీటి అంచున తుంగ, రెల్లు, వట్టివేరు. వట్టివేరు వేళ్లు రెండు మూడు మీటర్లు లోతుకు దిగి మట్టిని పట్టేస్తాయి. ఒడ్డు మధ్యలో వావిలి వంటి పొదలు. వరద తాకని పై అంచున ఏరుమద్ది, కానుగ, నేరేడు. ఇరుకు చోట్ల, వంతెనలకు ఎగువన చెట్లు వద్దు. కాండానికి చెత్త తట్టి అడ్డుకట్టగా మారుతుంది. జమ్ము వడపోత మడుల్లో పనికొస్తుంది కానీ, పాయలోకి వదిలితే అంతా తానే అవుతుంది. లాన్ గడ్డి పరచాలని ఎవరైనా పట్టుబడితే నడకదారి పక్కన మాత్రమే ఒప్పుకోండి.

బిషాన్‌లో ఏ జంతువునూ తెచ్చి వదలలేదు. చోటు కుదిరాక అవే వచ్చాయి. పార్కులోని జీవవైవిధ్యం సుమారు 30 శాతం పెరిగింది. 2014 ప్రాంతంలో నునుపు బొచ్చు నీటికుక్కలు పిల్లలతో సహా అక్కడ కాపురం పెట్టాయి. మన కోరింగ మడ అడవుల్లో ఉండేది కూడా ఈ జాతే.

పదో మెట్టు: నీటి పక్కన మనుషులు

కంచె తీసేస్తే పిల్లలు మునిగిపోతారన్న భయం ప్రతి సమావేశంలోనూ వినిపిస్తుంది. ఆ భయం న్యాయమైనదే. నిలువు గోడల కాలువలో పడినవారికి పైకెక్కే పట్టు ఉండదు. మెల్లని వాలు ఉన్న ఒడ్డున నీరు కొద్దికొద్దిగా పెరుగుతుంది, మనిషి నడుచుకుంటూ బయటికి రాగలడు. అయినా దాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు. బిషాన్‌లో నీటి మట్టాన్ని కొలిచే సెన్సర్లు ఉన్నాయి. మట్టం పెరిగితే హెచ్చరిక దీపాలు వెలుగుతాయి, సైరన్ మోగుతుంది, మైకులో ప్రకటన వస్తుంది. ఒడ్డు పొడవునా లైఫ్‌బాయ్‌లు ఉన్నాయి. మీ దగ్గర అంత డబ్బు లేకపోతే ఎగువ కల్వర్టు దగ్గర రంగుల కొలబద్ద, ఒక సెన్సరు, పార్కు కాపలాదారు ఫోనుకు సందేశం, ఒక సైరన్ అన్నా ఉండాలి. ఎగువన వాన పడుతూ పార్కులో ఎండ కాస్తున్నప్పుడే ప్రమాదం ఎక్కువ.

దోమల గురించి కూడా ముందే జవాబు సిద్ధం చేసుకోండి. వరద తగ్గాక ఒడ్డు మీద గుంటల్లో నీరు మిగలకుండా నేల వాలు పాయ వైపే ఉండాలి. మడుగులు చేపలు బతికేంత లోతుగా ఉండాలి. దోమ లార్వాల కోసం గంబూసియా చేపలు వదలమంటారు. అది విదేశీ జాతి, స్థానిక చిన్న చేపలను దెబ్బతీస్తుంది. దానికి బదులు పక్క చెరువులోని చిన్న చేపలు చాలు.

పదకొండో మెట్టు: తర్వాతి మూడేళ్లు

టెండరులోనే మూడేళ్ల నిర్వహణ రాయించండి. బిల్లులో ఒక భాగాన్ని రెండు వానాకాలాలు గడిచాకే చెల్లించేలా షరతు పెట్టండి. మొదటి ఏడాది బతకని మొక్కల స్థానంలో కొత్తవి నాటాలి. గుర్రపుడెక్క ఒక్క మొక్క కనిపించినా ఆ వారమే తీసేయాలి. ఎగువ చివర చెత్తను పట్టే కడ్డీల జాలీని ప్రతి వానకూ ముందూ వెనకా శుభ్రం చేయాలి, లేకపోతే ఆ జాలీయే వరదకు కారణమవుతుంది. పూడికను వంతెనల కింద, కల్వర్టుల నోటి దగ్గర మాత్రమే తీయండి. పొక్లెయిన్ తెచ్చి పాయ అంతా చదును చేస్తే మడుగులూ పరుగులూ ఒక్క పూటలో పోతాయి. నిర్వహణ సిబ్బందికి ఈ సంగతి రాతపూర్వకంగా, పటంతో సహా ఇవ్వాలి. ఎందుకంటే శాఖల్లో మనుషులు మారుతుంటారు.

పని పూర్తయిన రోజే పాయకు అడ్డంగా ఐదారు చోట్ల రెండు ఒడ్లలోనూ రాళ్లు పాతి, ప్రతి వానాకాలం తర్వాత ఆ రాళ్ల మధ్య తాడు లాగి లోతులు కొలవండి. ఒకే చోటి నుంచి ఒకే కోణంలో ఫొటోలు తీయండి. మొదటి పెద్ద వరద తర్వాత ఎక్కడో ఒక చోట ఒడ్డు తప్పకుండా కోసుకుపోతుంది, పత్రికలో ఫొటో వస్తుంది, మళ్లీ కాంక్రీటు వేయాలని ఒత్తిడి వస్తుంది. అప్పుడు ఆ కొలతలు తీసి చూడండి. కోత మీరు పాతిన దాపు రాళ్లకు ఇవతలే ఉంటే ముట్టుకోవద్దు. రాళ్లను దాటి నడకదారి వైపు వస్తుంటే, వాన తగ్గిన వెంటనే ఆ వంపు బయటి వైపున రాళ్ల పేర్పు వేసి, సందుల్లో వావిలి కొమ్మలు గుచ్చి, మరుసటి వర్షాల దాకా తడి ఇవ్వండి.